లేని జ్వరం

విజిల్ మోగింది, ఆట మొదలైంది, నేను తలెత్తలేదు. పెనం మీద పిండి పోశాను, మూత దించాను, అంచుల్లోంచి ఆవిరి చిమ్మింది, వేళ్ళు వెచ్చబడ్డాయి, అంతవరకు బాగానే ఉంది. మే నెల వచ్చినా తడి మంచు పడుతూనే ఉంది, కొట్టు రేకు మీద టపటపా చప్పుడు, కిటికీ అంచు నుంచి నీళ్ళు కారి కాఫీ కప్పుల మీద పడుతున్నాయి, వాటిని ఇవతలికి జరపాలి, జరపాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళాలి, వెళ్తే మైదానం కనిపిస్తుంది. కనిపించకుండా ఎలా ఉంటుంది, క్లబ్బు ఈ కొట్టు పెట్టిందే మా తల్లిదండ్రులం వంతులవారీగా ఆట చూస్తూ వాఫిల్స్ కాల్చుకోవడానికి. నా పక్కన తైమి జామ్ సీసాల మూతలు తీస్తోంది. నా కూతురు, పదకొండేళ్ళది. అక్కడ పసుపు చొక్కాల్లో పరిగెడుతున్నది తన ఫుట్‌బాల్ జట్టు. తనూ ఆ చొక్కాలో ఉండాలి. ఇక్కడ మూతలు తీస్తోంది, ఎందుకంటే ఈ శనివారం తన వంతు కాదని నేను చెప్పాను. వంతూ లేదు గింతూ లేదు. మా క్లబ్బులో ఈ వయసు పిల్లలందరూ ప్రతి ఆటా ఆడాల్సిందే, అది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఈ కొట్టు గోడ మీదే, తైమి వీపు వెనకాలే. తను వెనక్కి తిరిగితే చదువుతుంది. ఈపాటికి చదివే ఉంటుంది, గోడల మీద రాసినవి పిల్లలు చదవరని మనం అనుకుంటాం గానీ.

బుధవారం మిల్లు పార్కింగులో కారు ఆపుకుని నొక్కాను. ప్రతి ఆటకీ ముందు ఇంటింటికీ క్లబ్బు నుంచి ఫోన్లో మెసేజు వస్తుంది, వస్తున్నారా, రావడం లేదా అని. ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్. ఇన్నేళ్ళుగా ఆలోచించకుండా ఆకుపచ్చది నొక్కే బొటనవేలు ఆ రోజు ఎర్రదాని మీదికి పోయింది. ఎందుకు, అని అడిగింది ఫోను, దానికి కూడా జవాబు చెప్పుకోవాలి, జ్వరం అని కొట్టాను. ఇంటికెళ్ళి తైమితో మాత్రం, పిల్లలు ఎక్కువైపోయారట, ఈసారి నీ వంతు కాదట, అన్నాను, కోటు విప్పుతూ, కొక్కేనికి తగిలిస్తూ, మొహం గోడవైపు ఉండేట్టు చూసుకుని. సరే, అంది. అంతే. కోచ్ రీక్కాకి చెప్పింది జ్వరం, కూతురికి చెప్పింది వంతు. ఒకే పనికి రెండు అబద్ధాలు చెప్పినవాడు ఆ ఇద్దరినీ ఒకచోట చేరనివ్వకూడదు, ఆ మాత్రం ఇంగితం నాకుంది, శనివారం తైమిని ఏ సరస్సుకో చేపలకి తీసుకుపోవాలనుకున్నాను. గురువారం గుర్తొచ్చింది, ఈ శనివారం కొట్టులో వంతు నాదేనని. అది నిజం వంతు, చలికాలంలోనే ఒప్పుకున్నది. సొంత బిడ్డని ఆటలోంచి తీసెయ్యగలిగిన మొనగాడు ఒక్క ఫోన్ చేసి నా బదులు ఇంకెవరైనా వాఫిల్స్ కాల్చండి అని చెప్పలేకపోయాడు. మా మాంట్టా ఊళ్ళో ఎవరూ చెప్పరు. నడుం పట్టేసినా వస్తారు. రానివాణ్ణి ఎవరూ ఏమీ అనరు, ఆ అనకపోవడాన్ని ఏళ్ళ తరబడి భరించాలి. పోనీ తైమినైనా ఇంట్లో ఉండమన్నాను, అమ్మకి ఆస్పత్రి డ్యూటీ, ఇల్లంతా నీదే, సోఫాలో కూర్చుని సినిమా చూసుకో, అన్నాను. "ఆడకపోతే ఏం నాన్నా, చప్పట్లు కొట్టడానికైనా వస్తా," అంది.

"ఏమయ్యా రిస్తో, మాడుతోంది," అంది ఔతి. నిజమే, పొగ. మూత ఎత్తి మాడినదాన్ని బుట్టలో పడేశాను. ఔతి ఇవాళ నాతో పాటు వంతుకొచ్చింది, ఆమె కూతురు హెల్కా మా జట్టు గోల్‌కీపరు. ఔతి నోరు మంచిదే, కళ్ళే మంచివి కావు, అన్నీ చూస్తాయి. నీళ్ళ డబ్బా నింపడానికి తైమి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళిందో లేదో గొంతు తగ్గించి, "పిల్లకి జ్వరమని పెట్టావు కదా?" అంది. పెట్టానన్నాను. "మరి జ్వరం పిల్ల చేత పిండి కలిపిస్తున్నావేంటి? ఇద్దరు పిల్లలు కడుపులో తిప్పి ఇళ్ళల్లో పడుకున్నారు, బెంచీ మీద ఒక్క నరపురుగు లేదు. వాఫిల్ తో పాటు జ్వరం కూడా అమ్ముదామనా?" పొద్దున్నే తగ్గిపోయింది, అన్నాను. "తగ్గితే ఆడించొచ్చుగా." నీరసంగా ఉంది, అన్నాను. "ఎవరికి?" అంది ఔతి. సరిగ్గా అప్పుడే తైమి నిండు డబ్బా మోసుకుంటూ ఒక్క పరుగున వచ్చింది, బుగ్గలు ఎర్రగా, దాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద ధన్‌మని పెట్టింది. ఔతి డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది, కాఫీ కప్పులు సర్దడం మొదలుపెట్టింది. తిట్టినా తట్టుకునేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా పెనం గీకుతూ నిలబడ్డాను, గీకడానికి దాని మీద ఏమీ లేదు.

ఇంతకీ ఆ పిల్ల ఏం చేసిందని? చెబితే నవ్వుతారు. లేసు కట్టింది. పోయిన శనివారం ఒరివేసి అనే ఊరి జట్టుతో ఆట, తైమి వెనక వరసలో కాపలా. ఎదుటి జట్టు పిల్ల ఒకతి ఊడిన లేసు తొక్కుకుని బోర్లా పడింది, లేచింది, వేళ్ళు చలికి కొంకర్లు పోయి ముడి వేసుకోలేక అవస్థ పడుతోంది, విజిల్ మోగలేదు, బంతి ఇంకా ఆటలోనే ఉంది. నా కూతురు మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగులు పళ్ళతో లాగేసి, ఆ పిల్ల లేసు కట్టడం మొదలుపెట్టింది. రెండు ముళ్ళు, తీరిగ్గా, లాగి చూసి మరీ. బంతి వాళ్ళిద్దరి పక్కనుంచే పోయింది. గోల్. రెఫరీ, తనూ స్కూలు పిల్లే, పరిగెత్తుకొచ్చి జేబులోంచి ఆకుపచ్చ కార్డు తీసి పైకెత్తింది, మంచితనానికి ఇచ్చే కార్డు, మైదానం అంచు గీత పొడవునా నిలబడ్డ అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఉన్ని తొడుగులతో, చప్పుడు రాలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. దొంగతనం చేసిన పిల్ల తండ్రికి రావాల్సిన సిగ్గు నాకెందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ చప్పట్లలో జాలి ఉందనిపించింది. మా వాళ్ళు గీత దగ్గర పిల్లల్ని తిట్టరు, మెచ్చుకోవడం ఒక్కటే నియమం, కానీ ఆ మెచ్చుకోవడంలోనే అంతా ఉంటుంది. బాగా ఆడే పిల్లని పేరు పెట్టి కొట్టవే, కొట్టు, అంటారు. నా పిల్లని మంచి ప్రయత్నం తైమీ, మంచి ప్రయత్నం, అంటారు. ఐదేళ్ళ కిందట ఆట మొదలుపెట్టిన నాటి నుంచీ వింటున్నాను. ఆ మాట వినపడగానే నా బూట్ల వైపు చూసుకుంటాను, నా బూట్లు నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ వాళ్ళ బూట్లు తెలియవు.

అక్కడితో ఆగినా బాగుండేది. నా పక్కన ఒరివేసి వాళ్ళ మామ్మ ఎవరో, మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చునుంది, మొహం పైకెత్తి నన్నే అడిగింది, "ఎవరి పిల్లయ్యా, ఆ లేసు కట్టిన పాప?" ముద్దొచ్చి అడిగిందో, వేళాకోళానికి అడిగిందో, వారం నుంచి ఎంత తలుచుకున్నా ఆ గొంతు దొరకడం లేదు. గొంతు ఏదైతే ఏం, తండ్రన్నవాడు చెప్పాల్సిన జవాబు ఒక్కటే కదా. నేను ఫోన్ తీసి చూసుకున్నాను. తెలీదు అన్నానా? అనలేదు. భుజాలు ఎగరేశాను. భుజాలు ఎగరేస్తే అబద్ధం కాదని ఏ గాడిద చెప్పింది నాకు. ఆట అయ్యాక రెఫరీ అమ్మాయి ఆ కార్డు తైమికే ఇచ్చేసింది, తైమి దాన్ని ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది, కైసా మురిసిపోయి కూతురి తల మీద ముద్దు పెట్టుకుంది. కైసా నా భార్య, దేనికీ సిగ్గుపడదు, ఆస్పత్రిలో సిగ్గు అనేది ఎప్పుడో ఊడిపోయిందంటుంది. మర్నాడు పాలు తీస్తూ ఆ కార్డు మీదికి పళ్ళ డాక్టరు కాగితం జరిపాను. పూర్తిగా కాదు, అంచు కనిపించేట్టు, ఎవరైనా చూస్తే కాగితం దానంతటదే జారిందనుకునేట్టు. సోమవారానికి కార్డు మళ్ళీ పైకొచ్చింది. ఎవరు జరిపారో నేను అడగలేదు.

అరుపులు. ఇవాళ్టి ఎదుటి జట్టు, తాంపెరె వాళ్ళు, గోల్ వేసేశారు. సిటీ పిల్లలు, పొడుగ్గా ఉన్నారు, ఒకే రకం జడలు వేసుకున్నారు. మా పిల్లల ఆటల్లో గోల్స్ ఎన్నో ఎక్కడా రాయరు, బోర్డు ఉండదు, లెక్క పెట్టకండి, ఆనందంగా ఆడనివ్వండి అంటారు, కానీ కాఫీకి వచ్చిన ఏ తండ్రి మొహం చూసినా ఎంతకి ఎంతో తెలిసిపోతుంది. ఇంకో గోల్. మా వాళ్ళు ఎనిమిది మంది ఆడాలి, ఎనిమిది మందే ఉన్నారు, మార్చడానికి ఎవరూ లేరు, ఇర్మెలి అని చిన్న పిల్ల, పక్క పట్టుకుని వంగిపోయి ఊపిరి ఎగబీలుస్తోంది. నా పిల్ల ఉండుంటే ఇర్మెలి కాసేపు కూర్చునేది. తైమి వల్ల జట్టు ఓడిపోతోందని కదా నా ఏడుపు, తైమి లేకుండా కూడా శుభ్రంగా ఓడిపోతున్నారు. తైమీ, చక్కెర తే. తైమీ, ఆ టిష్యూలు మడతపెట్టు. తైమీ, కోకో కలుపు. బెంచీ వైపు వెళ్ళకుండా, రీక్కా కళ్ళ పడకుండా పని మీద పని చెబుతున్నాను, తను చెప్పింది చెప్పినట్టు చేసి మళ్ళీ కిటికీ దగ్గరికే పోతోంది, సగం బయటికి వంగి, జుట్టు తడిసిపోతున్నా పట్టించుకోకుండా అరుస్తోంది. "మంచి ప్రయత్నం, ఇర్మెలీ! మంచి ప్రయత్నం!" చెయ్యి పెనానికి తగిలింది. ఆ మాటే. అదే మాట, అంత గట్టిగా, అంత సంతోషంగా. అందులో జాలి కోసం వెతికాను, లేదు. అంటే ఇన్నాళ్ళూ తనకి ఆ మాట అలాగే వినపడిందా? మెచ్చుకోలుగానే? కాలిన వేలు చల్లటి జామ్ సీసాకి ఆనించి నిలబడ్డాను.

మా నాన్న నా స్కీ పందేలకి కారులోంచి దిగేవాడు కాదు. పాత ఓపెల్, ఇంజను ఆపకుండా, హీటరు పెట్టుకుని కూర్చునేవాడు, రేడియోలో వార్తలు వింటున్నాననేవాడు. నేను ఆఖర్లో ఎక్కడో ఈడ్చుకుంటూ వచ్చేసరికి చెట్ల వెనక ఆ కారు పొగ కనిపించేది. చలికి ఆగలేడు పాపం, మిల్లులో బాయిలరు దగ్గర మనిషి, వేడి అలవాటు, అని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇంటి దారిలో రోడ్డు వైపే చూస్తూ ఎలా జరిగింది అనేవాడు, బాగానే అనేవాణ్ణి, మా ఇద్దరి మధ్య స్కీయింగ్ గురించి అంతే మాటలు. నాకు పిల్లలు పుడితే కారులో మాత్రం కూర్చోనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, నిలబెట్టుకున్నాను కూడా, తైమి ఆట ఒక్కటీ మానలేదు, వానైనా మంచైనా గీత దగ్గరే నిలబడ్డాను. నిలబడి బూట్లు చూసుకున్నాను. ఇప్పుడు, ఈ పెనం ముందు, ఇంత వయసొచ్చాక తట్టింది, ఆయనది చలి కాదేమో. చూడలేకేమో. పోయి చాలా ఏళ్ళయింది, అడగడానికి మనిషి లేడు. ఒకటి మాత్రం నాకు అప్పుడే తెలుసు. నేను తలుపు తీసేసరికి కారులో రేడియో మోగుతూ ఉండేది కాదు. నేను కూర్చున్నాకే చెయ్యి చాచి పెట్టేవాడు. ప్రతిసారీ చూశాను, ఒక్కసారీ అడగలేదు. నాకు తెలుసని ఆయనకి తెలియకుండానే పోయాడు.

మూడోది ఎప్పుడు పడిందో చూడలేదు, నాలుగోది చూశాను, హెల్కా చేతుల కింది నుంచి జారిపోయింది, ఔతి నోట్లోంచి అయ్యో అని వచ్చేసింది. రెఫరీ మా కోచ్ రీక్కా వైపు తిరిగి ఒక వేలు పైకెత్తి చూపించింది. నాలుగు గోల్స్ వెనకబడిన జట్టు ఒకరిని అదనంగా దింపుకోవచ్చు, తేడా తగ్గితే మళ్ళీ బయటికి పిలిచేయాలి, లెక్క పెట్టకండి అని చెప్పేవాళ్ళే పెట్టిన దయగల నియమం. రీక్కా ఖాళీ బెంచీ వైపు చూసింది, బెంచీ మీద నీళ్ళ సీసాలు, ఒక మఫ్లర్. తర్వాత తలెత్తి కొట్టు వైపు చూసింది, కిటికీలోంచి వేలాడుతున్న తైమి వైపు చూసింది. విరామం విజిల్ మోగింది. రీక్కా తిన్నగా మా వైపే వస్తోంది, టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతుండగా, పెద్ద పెద్ద అంగలతో. తైమీ, కారులోంచి ఇంకో జామ్ డబ్బా తెచ్చిపెట్టు, అన్నాను. "అన్నీ ఇక్కడే ఉన్నాయిగా నాన్నా," అంది. ఉన్నాయి. బల్ల మీద వరసగా ఉన్నాయి, తనే మూతలు తీసింది.

"రిస్తో, పిల్లకి జ్వరం ఎలా ఉంది?" అంది రీక్కా, తైమి ముందే, ఔతి ముందే, కాఫీకి వరస కట్టిన తాంపెరె వాళ్ళ ముందే. ఇదీ ఆ క్షణం, బుధవారం నుంచి నేను పారిపోతున్నది దీన్నుంచే, ఇప్పుడు తైమి ఏం జ్వరం అంటుంది, నా వంతు కాదన్నారుగా అంటుంది, రీక్కా ఏం వంతు అంటుంది, అప్పుడు ఈ పిల్ల నా వైపు తిరుగుతుంది, మొత్తం అర్థమైపోతుంది, మా నాన్నకి నేనంటే సిగ్గు అని, పదకొండేళ్ళకే, వాఫిల్ వాసనలో, అందరి మధ్యా. తిరగనే తిరిగింది. నా మొహంలోకి చూసింది. నేను చెప్పాలి, నేను అబద్ధం చెప్పాను రీక్కా, అనాలి, నోరు తెరిచాను కూడా, తెరిచి పెనం మూత ఎత్తాను.

"పొద్దున ఉంది, ఇప్పుడు లేదు," అంది తైమి. "నాన్న నుదురు ముట్టుకుని చూశాడు."

"కాసేపు ఆడగలవా మరి? బూట్లు లేవేమో కదూ."

"డిక్కీలో ఉన్నాయి," అంది, అప్పటికే ఏప్రన్ ముడి విప్పేస్తోంది, నా వైపు అరచెయ్యి చాచింది. "తాళాలు, నాన్నా."

ఇచ్చాను. నేను తన నుదురు ముట్టుకోలేదు. వారం నుంచి తన జుట్టు మీద చెయ్యి వెయ్యడానికి కూడా మొహం చెల్లలేదు నాకు. ఆ అబద్ధం ఎక్కడి నుంచి తెచ్చిందో, అంత చిన్న బుర్రలో అంత త్వరగా, అందులో నన్ను మంచివాడిగా నిలబెట్టింది, బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసే తండ్రిగా. ఇది ఆలోచించి కల్పించిన మాటా, అలా జరిగుంటే బాగుండుననుకుంటూ కూర్చున్న మాటా? కార్ల మధ్య నుంచి పరిగెత్తుతోంది, డిక్కీ తలుపు లేచింది, పడింది. "పో, వెళ్ళి చూడు, పెనం నేను చూసుకుంటాలే," అంది ఔతి, మాటలో వెటకారం లేదు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఏప్రన్ తోనే బయటికొచ్చి గీత దగ్గర నిలబడ్డాను, చేతికి పిండి, మెడలోకి తడి మంచు.

చూశాను. ఈసారి బూట్ల వైపు కాదు. తైమి ఆట ఏమీ మారలేదు, గొప్పగా ఆడేస్తుందని నేనూ అనుకోలేదు. బంతి ఎడమకి పోతే కుడికి తిరిగింది, తన్నబోతే కాలు గాలిలో పోయింది, మంచి ప్రయత్నం అన్నారెవరో, మోకాళ్ళ మీద అంటుకున్న నల్ల రబ్బరు పలుకులు దులుపుకుని మళ్ళీ పరిగెత్తింది, రొప్పుతున్న ఇర్మెలి పక్కనే పరిగెడుతూ వీపు మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది, ఆ పిల్ల నవ్వింది. అంత సంతోషంగా పరిగెత్తే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. ఐదేళ్ళూ ఇలాగే పరిగెత్తిందా, నేను చూడని ఐదేళ్ళూ? అప్పుడు మా పిల్లలు బంతి లాక్కుని ముందుకి దూసుకుపోయారు, గీత పొడవునా మా వాళ్ళు కొట్టు కొట్టు అంటున్నారు, నేనేమో వద్దు, వద్దు, వెయ్యకండి, అనుకుంటున్నాను, తేడా తగ్గితే తైమిని బయటికి పిలిచేస్తారు. సొంత జట్టు గోల్ వెయ్యకూడదని మొక్కుకున్న తండ్రిని ఈ లీగులో నన్నొక్కణ్ణే చూడొచ్చు. పోయినవారం నా పిల్ల జట్టుని ఓడిస్తుందని ఏడ్చాను, ఈవారం నా పిల్ల కోసం జట్టు ఓడిపోవాలని ఏడుస్తున్నాను. నా సిగ్గుకి ఒక తీరూ తెన్నూ లేదు. వేశారు. గోల్. అందరికంటే ఎత్తుకి ఎగిరింది తైమి, తనని బయటికి పంపే గోల్‌కి, ఎగురుకుంటూనే బయటికి వచ్చింది, రీక్కా ఇర్మెలిని కూర్చోబెట్టి మళ్ళీ తననే లోపలికి తోసింది. నా పక్కన తాంపెరె తండ్రి ఒకాయన వాఫిల్ నములుతూ, "ఇందాకటిదాకా లేదు, ఎవరి పిల్ల ఆ తొమ్మిదోది?" అన్నాడు. "నాది," అన్నాను. మరీ గట్టిగా అన్నానేమో, ఆయన ఉలిక్కిపడ్డాడు. "నా కూతురు. తైమి." అలాగా, అన్నాడాయన, జామ్ ఇంకొంచెం దొరుకుతుందా అని అడిగాడు. తైమి మైదానం అటు చివర ఉంది, మధ్యలో తడి మంచు, నా మాట తనదాకా పోయే దూరం కాదు.

ఆట అయింది, కరచాలనాలు అయ్యాయి, పెనం తోమాను, కొట్టు తాళం ఔతికి ఇచ్చాను. తైమి డిక్కీ అంచు మీద కూర్చుని బూటు బోర్లించి నేలకి కొడుతోంది, నల్ల పలుకులు రాలుతున్నాయి, ఎన్ని రాల్చినా ఇంటికి కొన్ని వస్తాయి, మంచాల్లో కూడా దొరుకుతాయి. తైమీ, ఆ జ్వరం సంగతి, అన్నాను. అక్కడిదాకా అనగలిగాను.

"తెలుసు నాన్నా. నీకొచ్చే మెసేజులు నాకూ వస్తాయి, అమ్మ పెట్టించింది. బుధవారమే చూశా."

"మరి బూట్లు ఎందుకు తెచ్చుకున్నావు?"

"ఇద్దరికి ఒంట్లో బాలేదని హెల్కా చెప్పింది. ఎందుకైనా మంచిదని."

"నన్ను అడగలేదేం, ఎందుకలా పెట్టావని?"

రెండో బూటు తీసింది, బోర్లించింది, కొట్టింది. "అడిగితే నువ్వు చెప్పాల్సొస్తుంది కదా," అంది. బూటులోకి చూస్తూ, "ఆ రోజు ఆ మామ్మ అడిగినప్పుడు నేను నీ వెనకే ఉన్నా. నీళ్ళ సీసా కోసం వచ్చా," అంది.

సిగ్గుతో చచ్చిపోవడం అంటారు, అలా ఎవరూ చావరు, అదే దానితో వచ్చిన చిక్కు, నిలబడే ఉంటారు, తడి ఏప్రన్ చేత్తో పట్టుకుని, కూతురి సాక్సు మీద అంటుకున్న రబ్బరు పలుకులు చూస్తూ. నాదే తప్పు, అన్నాను. నీలో ఏం లోపం లేదు, లోపం నాది, అన్నాను. వచ్చే శనివారం గీత దగ్గరే నిలబడి మొత్తం ఆట చూస్తాను, ఒక్క క్షణం కూడా తల దించను, అన్నాను, నా మాటలు నాకే బతిమాలుతున్నట్టు వినిపించాయి. తైమి బూట్లు రెండూ సంచిలో పెట్టింది, జిప్పు లాగింది, సంచిని డిక్కీలో ఒక మూలకి సర్దింది, మొహం అటువైపే ఉంచి చాలా మెత్తగా అంది, నా మనసు నొచ్చుకోకూడదన్నట్టు.

"వచ్చే శనివారం హెల్కా వాళ్ళ కార్లో వెళ్తా నాన్నా. వాళ్ళ కార్లో పిల్లలు ఎక్కువైపోయారట. ఈసారి నీ వంతు కాదు."

సరే, అన్నాను. అంతే.